ఏడు చక్రాలూ పాసయ్యాయి

ఎర్రమిట్ట జంక్షన్ వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు నడుమెత్తు రైలు చక్రాలను లేత్ మీద చెక్కి చెక్కి రిటైరైన దస్తగిరికి, అరవై ఏడో యేట అరచేతిలో ఇమిడే చక్రాలు చెయ్యాలని బుద్ధి పుట్టింది.

ఆ బుద్ధి పుట్టించినవాడు డ్రైవర్ ఓబులేసు. ఆ ఊరి షెడ్డులోంచి చివరి బొగ్గు ఇంజను బయటికి తీసింది ఆయనే. ఎనభై ఒకటో యేడు నడుస్తోంది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి చచ్చుబడింది. పొద్దున్నే కర్ర ఊతంగా దస్తగిరి ఇంటికొచ్చి వసారాలో కూర్చుంటాడు. ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు:

"దస్తగిరీ, ఒక్కసారి బొగ్గింజను రెగ్యులేటరు పట్టుకోవల్లని ఉండాదిరా. మెల్లగా తీస్తే ఆవిరి పోయి చక్రాలకు తగిలేది చేతికి తెలుస్తాది సూడు, అట్ల ఇంక దేంట్లోనూ తెలీదు. ఈ చెయ్యి కూడా పోకముందే ఒక్కసారి."

బొగ్గు ఇంజన్లన్నీ ఎప్పుడో తుక్కు కింద కరిగిపోయాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చేస్తా పో అన్నా," అన్నాడు దస్తగిరి.

మూరన్నర పొడవు ఇంజను. బాయిలరు, పొగగొట్టం, ఈల, రెగ్యులేటరు పిడి అన్నీ రెండు నెలల్లో అయిపోయాయి. చక్రాల దగ్గర మాత్రం పని నత్తనడక పట్టింది. పాత కుట్టుమిషను కాళ్లకు బిగించిన చిన్న లేత్‌ను తొక్కుతూ, పోత ఇనుప బిళ్లను గుండ్రంగా చెక్కాలి. పట్టా మీదనుంచి జారకుండా అంచు తీయాలి. తర్వాత ఇరుసు నుంచి అంచుకు పోయే ఆకుల మధ్య సందులకు బెజ్జాలు వేసి, సన్నని రంపంతో కోసి, ఆకురాయితో అరగదీయాలి. ఒక్కో చక్రానికి పది ఆకులు. ఉల్లిపొరంత తేడా వచ్చినా చక్రం కుంటుతుంది. చక్రానికి పన్నెండు రోజుల చొప్పున ఆరు చక్రాలు పూర్తయ్యేసరికి ఆయన భార్య హుసేనమ్మ ఇంట్లో ఇనుప రజను పడని గిన్నె లేదు.

"అన్నంలో ఇనుము తింటే రక్తం పడతాదంట. ఈ లెక్కన మనం గుర్రాల్లెక్క ఉండల్ల," అనేది ఆమె.

ఇంజనుకు చక్రాలు బిగించిన మర్నాడే గుమ్మం ముందు ఆఫీసు జీపు ఆగింది. దిగినాయన చక్ర ప్రమాణ మండలి ప్రధాన పరీక్షాధికారి పిశుపాటి చిదంబరరావు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఎవరినీ కసరడు. నిబంధనల పుస్తకం చంకలో లేకుండా బయటికి రాడు.

ఆ యేడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి కార్యాలయమూ వారసత్వ వారోత్సవం జరపాలి, ఒక వారసత్వ వస్తువును ప్రదర్శించాలి. మండలి దగ్గర ఫైళ్లు తప్ప పాత వస్తువులేవీ లేవు. వాటిని ప్రదర్శించడానికి సిబ్బంది ఒప్పుకోలేదు. అంతలో దస్తగిరి ఇంజను మాట చెవిన పడింది.

చిదంబరరావు గొంతుక్కూర్చుని ఒక చక్రాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"అద్భుతం! ఈ చక్రము మన వారసత్వము. దీనిని పాత షెడ్డు ముందర, వారోత్సవ ప్రారంభ దినమున, ప్రజా సమక్షంలో నడిపించవలెనని మా సంకల్పం. నడుపువారెవరు?"

"ఈయనే సార్. ఓబులేసన్న," అన్నాడు దస్తగిరి.

ఓబులేసు కర్ర మీద సగం లేచాడు. పాత షెడ్డు ముందర, నలుగురూ చూస్తుండగా! ఆయన ముఖం చూశాక ఇక కాదనడానికి దస్తగిరికి నోరు రాలేదు. చిదంబరరావు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఇంజనూ చక్రాలూ జీపెక్కి వెళ్లిపోయాయి. వారోత్సవం ఇంకా రెండు నెలలుంది.

నాలుగో రోజున కబురొచ్చింది, పరీక్షకు హాజరు కమ్మని.

మండలి పెరట్లో పదడుగుల ఎత్తున ఒక ఇనుప గుండు వేలాడుతోంది. బరువు ఒక టన్ను. దాని కింద దిమ్మె మీద దస్తగిరి చేసిన చక్రం ఒకటి, తట్టలో మరిచిపోయిన నిమ్మకాయలాగా ఉంది. గొలుసు పట్టుకుని హెల్పరు లింగన్న నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది?"

"గుండుపాటు పరీక్ష. నిబంధన పదిహేడు. పట్టాలపై పరుగెత్తు చక్రములు ఒకేమారు తయారైన ప్రతి దఫాలోనూ ఒకదానిని ఎంపిక చేసి గుండుపాటుతో భేదించి, విరుపును పరీక్షించవలెను."

"సార్, నా ఇంజను మొత్తం కలిపి ఏడు కేజీలు. ఆ చక్రం మోసేది కేజీ చిల్లర."

"నిబంధనలో గుండు బరువు ఉన్నది. చక్రము మోయు బరువు ప్రస్తావన లేదు. చక్రము చిన్నదైనంత మాత్రాన భద్రతను చిన్నచూపు చూడలేము గదా!"

లింగన్న దస్తగిరి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని గొలుసు వదిలాడు.

నేల అదిరింది. పక్క గదిలో టైపిస్టు గ్లాసులోని టీ ఒలికింది. గుండు పైకి లాగాక దిమ్మె మీద చక్రం కనిపించలేదు. లింగన్న చీపురుతో ఊడ్చి ఆరు ముక్కలు, గుప్పెడు రజను పోగుచేశాడు. చిదంబరరావు భూతద్దంతో ఒక ముక్కను ఎండకు పట్టి చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఎంత సన్నని రేణువు! పాస్."

"సార్, అది పగిలిపోయె గదా!"

"పగలనిదే విరుపు ఎట్లు చూడగలము? విరుపు చూడనిదే నాణ్యత ఎట్లు తెలియును?" అని ఓపిగ్గా చెప్పి, ధ్రువపత్రం మీద ముద్ర వేశాడు. 'సదరు చక్రము పరీక్షింపబడి సర్వవిధముల దృఢమైనదిగా తేలినది.' ముక్కల్ని ఒక అట్టపెట్టెలో పోయించి, ధ్రువపత్రాన్ని దానికే అంటించాడు.

దస్తగిరి ఇంటికొచ్చి లేత్ మీద కూర్చున్నాడు. ఒక్కటే గదా పోయింది, పన్నెండు రోజుల పని. ఏమైందని ఓబులేసు అడిగితే, "పాసయిందన్నా," అన్నాడు.

పదమూడో రోజున కొత్త చక్రం పట్టుకుపోయాడు. చిదంబరరావు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇది తదుపరి దఫా. ఈ దఫాలో చక్రములెన్ని?"

"ఒక్కటే సార్. పోయినదాని బదులు."

"దఫాకు ఒకటి భేదించవలెను. దఫాలో ఒకటే ఉన్నది. కనుక..." ఆయనే కాస్త ఆగాడు. లెక్క ఎటు పోతోందో ఆయనకూ కనిపించింది. కానీ పుస్తకంలో వెనక్కి వచ్చే దారి లేదు. "కనుక దీనినే."

నేల అదిరింది. టైపిస్టు ఈసారి గ్లాసు ముందే చేతిలోకి తీసుకుంది. పాస్.

"ఈసారి రెండు చేయండి," అని చిదంబరరావు నిజమైన కనికరంతో సలహా ఇచ్చాడు. "ఒకటి మాకు, ఒకటి మీకు."

రెండు చేయడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. తొక్కి తొక్కి దస్తగిరి మోకాళ్లు వాచాయి. హుసేనమ్మ రాత్రీ పగలూ ఆముదం కాచి పట్టు వేసింది.

"ఆ గుండేదో వాళ్ల నెత్తిన వేసుకోమను. చేసేది నువ్వు, పగలగొట్టేది వాళ్లు. ఇదేం ఉద్యోగమయ్యా?"

"ఉద్యోగం కాదు హుసేనమ్మా. ఓబులేసన్న కోసం. రోజూ డ్రైవరు కోటు గుండీలు తోమి పెట్టుకుంటాండాడంట."

రెండు చక్రాలూ చొక్కా జేబులో వేసుకుని వెళ్లాడు. చిదంబరరావు గదిలో అడుగు పెట్టేసరికి టేబులు మీద ఏడు అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి. దస్తగిరి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. తాను ఎరిగినవి రెండే.

చిదంబరరావు కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అభినందనలు! ప్రధాన కార్యాలయం నుండి స్పష్టీకరణ వచ్చినది. దఫాలో ఒకటి పరీక్షించి తక్కినవి కూడ అట్లే ఉండునని ఊహించుట అశాస్త్రీయమట. ఇకపై ఊహకు తావు లేదు. శూన్య ప్రమాద విధానము! మీ తక్కిన ఐదు చక్రములనూ నిన్న ఒక్క పూటలో పరీక్షించితిమి. ఏడింటికి ఏడూ పాస్. దేశంలో నూటికి నూరు పాళ్లు పరీక్షింపబడిన చక్రములు గల ఇంజను మీదొక్కటే!"

దస్తగిరి పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఒక పెట్టె మూత తీసి చూశాడు. అందులో ఒక ముక్కకు ఒక ఆకు మొత్తం నిలిచి ఉంది. అది మూడో చక్రం. ఆ ఆకు దగ్గరే రంపం బ్లేడు విరిగి బొటనవేలు తెగింది.

"మరి ఇంజను దేనిమీద నడుస్తాది సార్?" అన్నాడు చివరికి.

"నడక మా విభాగము కాదు," అన్నాడు చిదంబరరావు వినయంగా. "అన్నట్టు, ఈరోజు చక్రములు తెస్తామన్నారు. తెచ్చినారా?"

దస్తగిరి అరచేయి దానంతటదే జేబు మీద పడింది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఆయన పై అధికారికి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"లేదు సార్. ఇంకా కాలేదు."

వారోత్సవం ఘనంగా మొదలైంది. పాత షెడ్డు ముందు పందిరి వేశారు. మధ్యలో అద్దాల పెట్టె, దానిలో ఎర్ర మఖ్మల్, మఖ్మల్ మీద ఏడు కుప్పలుగా ఇనుప ముక్కలు, ఒక్కో కుప్ప వెనక ఫ్రేము కట్టిన ధ్రువపత్రం. ఇంజను మాత్రం అక్కడ లేదు. చక్రాలు లేనిది ఇంజను అనిపించుకోదని, ఇంజను కానిది వారసత్వ వస్తువు కాదని తేలడంతో, ముందురోజే దాన్ని తోపుడుబండి మీద దస్తగిరి ఇంటికి పంపేశారు. రసీదులో 'సంబంధము లేని ఇనుప డబ్బా, ఒకటి' అని రాశారు.

ఇంజను ఇంటికొచ్చిన సాయంత్రమే దస్తగిరి వెళ్లి ఓబులేసుకు సంగతంతా చెప్పాడు. ఓబులేసు నమ్మలేదు. "అంత పెద్దాయన మాటిచ్చినాడు. ఇంకోటేదో ఏర్పాటు చేసింటాడులే," అని కోడలి చేత నీలం కోటు గుండీలు పెట్టించుకుని వచ్చాడు. ముందు వరుసలో కుర్చీ వేశారు. చిదంబరరావు మైకు అందుకున్నాడు.

"ఈ ఏడు చక్రముల వల్ల ఇంతవరకూ ఒక్క ప్రమాదమూ జరుగలేదు. ఇకముందు కూడ జరుగబోదని ఈ వేదిక నుండి ఘంటాపథంగా హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఓబులేసుకు శాలువా కప్పారు. అది చచ్చుబడిన భుజం మీదనుంచి జారిపోతే ఎవరో మళ్లీ ఎక్కించారు, మళ్లీ జారింది. ఫోటో అయిపోయాక ఆయన మెల్లగా అడిగాడు.

"సార్, నేను నడపల్సింది యాడుండాది?"

"మీ రాకతో సభకు నిండుదనం వచ్చింది," అన్నాడు చిదంబరరావు నమస్కారం పెట్టి.

తిరిగొచ్చి దస్తగిరి ఇంటి వసారాలో కూర్చున్నాక ఓబులేసు అన్నాడు.

"ఈ కోటు విప్పు దస్తగిరీ. ఉక్కగా ఉండాది."

దస్తగిరి ఒక్కొక్క గుండీ తీశాడు. అప్పుడు చూశాడు, ఓబులేసు కుడి చెయ్యి కూడా సన్నగా వణుకుతోంది. కోటు కొయ్యకు తగిలించి, లేత్ ముందు కూర్చుని కొత్త బిళ్ల బిగించాడు. జేబులో దాచుకొచ్చినవి రెండున్నాయి. ఇంకా నాలుగు కావాలి.

ఆ నాలుగింటినీ ఆయన పన్నెండేసి రోజులు పెట్టి చేయలేదు. తొమ్మిదేసి రోజుల్లో ముగించాడు. ఓబులేసు పక్కనే కూర్చుని చక్రం తిరుగుతుంటే చెవి పెట్టి వినేవాడు. "కుంటుతాంది, ఇంకొంచెం," అనేవాడు. చూపు ఆనకపోయినా ఆ చెవి తప్పు చెప్పలేదు. హుసేనమ్మ తిట్టుకుంటూనే రోట్లో బొగ్గు వేసి కందిబేడలంత ముక్కలుగా దంచి డబ్బాకు ఎత్తింది.

ఒక ఆదివారం పొద్దున, పెరట్లో నిమ్మచెట్టు చుట్టూ పరిచిన పట్టాల మీద ఇంజను నిలబడింది. టీ చెంచాతో బొగ్గు వేశారు. అరగంటకు ఆవిరి కట్టింది. ఓబులేసును కుర్చీతో సహా పట్టాల పక్కకు జరిపారు. ఆయన వణికే కుడి చెయ్యి చాచి రెండు వేళ్లతో పిడి పట్టుకున్నాడు. పట్టుకున్నాక వణకలేదు.

కొంచెం తీశాడు. ఇంజను ఒక్కసారి ఊపిరి వదిలి, ఆగి, మళ్లీ వదిలి కదిలింది. ఆరు చక్రాలూ ఒక్కటిగా తిరిగాయి. నిమ్మచెట్టు చుట్టూ తిరిగి వచ్చేసరికి ఓబులేసు వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. వస్తున్న ఇంజనును ఆపకుండానే పిడిని చిటికెడు తగ్గించి వదిలాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గించాడు. ఆయన కళ్ల నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. తుడుచుకోవడానికి ఉన్న ఒక్క చెయ్యీ పనిలో ఉంది.

హుసేనమ్మ కొంగుతో తుడిచింది. "ఈల కొట్టన్నా," అంది.

ఈల కూసింది. వీధి వీధంతా వినిపించింది. వెనక వీధిలోని ఆఫీసర్ల క్వార్టర్స్‌కీ వినిపించింది.

పది నిమిషాల్లో పెరటి తలుపు దగ్గర చిదంబరరావు నిలబడి ఉన్నాడు. ఆదివారమైనా చంకలో పుస్తకం ఉంది. దస్తగిరి పరుగున వెళ్లి ఆయనకూ పట్టాలకూ మధ్య నిలబడ్డాడు.

"ఆపండి! పరీక్షింపబడని చక్రములతో..." అని మొదలుపెట్టాడు చిదంబరరావు. ఇంజను నిమ్మచెట్టు వెనకనుంచి బయటికొచ్చి ఆయన కాళ్ల ముందునుంచి పోయింది. ఆయన మాట ఆగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఆయన మెడ దానితోపాటు తిరగడం మొదలుపెట్టింది. నాలుగో చుట్టుకు పుస్తకం నిమ్మచెట్టు పాదులో పెట్టి, ఇస్త్రీ ప్యాంటుతోనే నేలమీద చతికిలబడ్డాడు.

మాట్లాడబోతే ఆఫీసు భాష రాలేదు.

"ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు దస్తగిరిగారూ. ఎన్ని వేల చక్రాలు పాస్ చేశానో. నేను పాస్ చేసింది ఒక్కటి కూడా తిరగ్గా చూడలేదండీ."

హుసేనమ్మ ఆయనకూ ఒక గ్లాసు టీ ఇచ్చింది.

సోమవారం నోటీసు వచ్చింది. సంతకం చిదంబరరావుదే. 'నిన్నటి దినమున మీ పెరట్లో అనధికార చక్రములు తిరిగినట్లు విశ్వసనీయ సమాచారము. వారము లోపల సదరు చక్రములను గుండుపాటు పరీక్షకు సమర్పించవలెను.'

హుసేనమ్మ చదివి వినిపించింది. "విశ్వసనీయ సమాచారమంట! మన టీ తాగి పోయింది ఆయనే గదా!"

దస్తగిరి ఆరు చక్రాలూ విప్పి తుండుగుడ్డలో మూటగట్టాడు. ఓబులేసు వద్దన్నా వినలేదు. నేరుగా వెళ్లి చిదంబరరావు టేబులు మీద మూట విప్పాడు.

"పగలగొట్టుకోండి సార్. మా అన్న నడిపినాడు. నాకదే చాలు. కాకపోతే గొలుసు మీరు వదలండి, పాపం లింగన్న చేత వద్దు."

చిదంబరరావు ఒక చక్రాన్ని తీసి టేబులు మీద నిలబెట్టి వేలితో తోశాడు. అది ఫైళ్ల మధ్య సందులోంచి సూటిగా దొర్లి అవతలి అంచు దాకా పోయింది. దస్తగిరి పట్టుకుని వెనక్కి దొర్లించాడు. చిదంబరరావు రెండోసారీ తోశాడు. లింగన్న గొలుసు దగ్గర సిద్ధంగా ఉన్నానని తలుపులోంచి తొంగిచూసి, లోపల జరుగుతున్నది చూసి వెనక్కి తగ్గాడు.

మూడోసారి చక్రం తన దగ్గరికి వచ్చాక చిదంబరరావు పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టి గంటంబావు చదివాడు. నిర్వచనాల దగ్గర ఆగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"నిర్వచనము రెండు. 'చక్రమనగా ఈ మండలిచే పరీక్షింపబడి ధ్రువీకరింపబడిన చక్రము.' ఇవి పరీక్షింపబడినవా?"

"లేదు సార్."

"అయితే ఇవి చక్రములు కావు!" అన్నాడు చిదంబరరావు. "చక్రములు కానివాటిని పరీక్షించు అధికారము నాకెక్కడిది?"

ఆరు ధ్రువపత్రాలు టైపు చేయించాడు. 'సదరు వస్తువు గుండ్రముగా ఉన్నప్పటికీ చక్రము కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' ఆరింటి మీదా తానే ముద్ర వేసి, చక్రాలను తుండుగుడ్డలో కట్టి రెండు చేతులతో అందించాడు.

తర్వాతి ఆదివారం ఎనిమిదింటికల్లా ఆయన పెరట్లో ఉన్నాడు. పుస్తకం తేలేదు. కాసేపు ఇంజనునూ, కాసేపు ఓబులేసునూ చూసి, చేతులు నలుపుకుంటూ అడిగాడు.

"ఓబులేసుగారూ, ఒక్కసారి... ఆ పిడి నేను పట్టుకోవచ్చునా?"

ఓబులేసు ఆయన్ని తలనుంచి కాళ్ల దాకా ఎగాదిగా చూశాడు. ఇంజనులో బొగ్గు వేసే కుర్ర ఫైర్‌మన్లను ఎందరినో చూసిన చూపు అది.

"మేం మూడేండ్లు బొగ్గెత్తినాకనే సార్ రెగ్యులేటరు ముట్టుకున్నేది. రూలంటే రూలే," అన్నాడు. "హుసేనమ్మా, సారుకు చెంచా ఇయ్యి."